మాకు వేరే బ్రాంచి లేదు

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. అంకారా నుంచి అక్‌పినార్ వెళ్లే రోడ్డు మీద, ఎండిన వాగు మలుపు దగ్గర, డ్రైవరు దుర్ముష్, అక్కడి పిలుపులో దుర్ముష్ కెప్టెన్, తన బస్సుకి వైపరు వేశాడు.

పొడి అద్దం మీద కీచుమంటూ వైపర్లు రెండుసార్లు అటూ ఇటూ ఊగి ఆగాయి. ఎదురుగా వస్తున్న బస్సు వైపర్లు కూడా రెండుసార్లు ఊగాయి. బస్సులు రెండూ గాలి విసురుతూ ఒకదాన్నొకటి దాటిపోయాయి. దుర్ముష్ మీసాల చాటున నవ్వుకుని, ఏమీ ఎరగనట్టు స్టీరింగు మీద రెండు చేతులూ సర్దుకున్నాడు.

"వాన పడుతోందా కెప్టెనన్నా?" అన్నాడు పక్క మెట్టు మీద కూర్చున్న క్లీనర్ బెకిర్.

"పురుగు పడిందిరా అద్దం మీద."

"ఆ ఎదురు బస్సు మీదా అదే పురుగు పడిందా?"

దుర్ముష్ గేరు మార్చాడు. బెకిర్ నలభై దాటిన మనిషి, బొజ్జ మనిషికన్నా ముందు నడుస్తుంది. యజమాని భార్యకి వేలు విడిచిన తమ్ముడు. ప్రయాణికుల అరచేతుల్లో నిమ్మవాసన కొలోన్ పోయడం, టీలు అందించడం అతని ఉద్యోగంలో సగం. కళ్లు తెరుచుకుని కూర్చోవడం మిగతా సగం. ఆ రెండో సగం అతనికి మహా ఇష్టం.

ఆ సాయంత్రం అక్‌పినార్ బస్టాండులో బస్సు ఆపీ ఆపకముందే దుర్ముష్‌కి పిలుపు వచ్చింది. యజమాని వెదాత్ ఆఫీసులో బల్ల వెనక టీ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బెకిర్ అప్పటికే తలుపు పక్కన చేతులు కట్టుకుని ఉన్నాడు.

"ఎండలో వైపరెందుకు వేశావు?"

"దుమ్ము పడిందండీ చిన్నయ్యగారూ."

"వీడితో పురుగన్నావుట."

"దుమ్ములో పురుగండీ."

వెదాత్ నవ్వు ఆపుకోవడానికి టీ గ్లాసు ఎత్తాడు. చెడ్డవాడు కాదు. కానీ అన్న పేరెత్తితే మాత్రం అతని మెడ మీద నరం లేస్తుంది.

"మొన్న లైటు కొట్టావు, ఊరుకున్నాను. ఆ తరవాత హారన్ మోగించి, మేకపిల్ల అడ్డొచ్చిందన్నావు. ఇవాళ వైపరు. రేపు తలుపు తెరిచి మూస్తావు కాబోలు! అది మా అన్న బస్సు. అందులో ఉన్నవాడు మా అన్న మనిషి. నా బస్సు మా అన్న బస్సుకి సలాం కొట్టదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"లోపలున్నది జుల్కుఫ్ అండీ. మీరెరగని వాడా? మిలిటరీలో ఇద్దరం ఒకే బారక్‌లో పక్కలు వేసుకుని పడుకున్నాం. మీ నాన్నగారు మా ఇద్దర్నీ ఒకేరోజు పన్లోకి పెట్టుకున్నారు."

"మా నాన్న లేడు. ఇప్పుడు నేనున్నాను."

దుర్ముష్ తల గోక్కున్నాడు. "పోనీ దూరాన్నుంచి ఏది మనదో ఏది వాళ్లదో ఎలా పోల్చుకోవాలో మీరే చెప్పండి. అదే మీగడ రంగు, అదే ఎర్ర పట్టీ, అదే కొంగ బొమ్మ. మీరు రాయించిన ఆ 'ఓజ్' కనపడేసరికి బస్సు మీదకొచ్చేస్తుంది. పోయిన వారం మన నియాజీ బస్సే ఎదురొస్తే, వాళ్లదేమోనని నేను పలకరించలేదు. మూడ్రోజులు మూతి ముడుచుకున్నాడు."

"అయితే నన్ను రంగు మార్చుకోమంటావా?"

"నేనన్లేదు."

"ముందు వాణ్ని మార్చుకోమను! రంగు మార్చినవాడు అది తనది కాదని ఒప్పుకున్నట్టే." వెదాత్ గ్లాసు బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించాడు. "విను దుర్ముష్. ఇంకొక్కసారి లైటు గానీ, హారన్ గానీ, ఆఖరికి కనుబొమ్మ ఎగరేశావని తెలిసినా సరే, బస్సు తాళంచెవి తెచ్చి ఈ బల్ల మీద పెట్టు. ఊళ్లో జనాన్ని బస్టాండుకి మోసే వ్యాను తోలుకుందువు గాని."

దుర్ముష్ బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. పక్కపక్కనే రెండు ఆఫీసులు. ఒకదాని మీద 'తుర్నా' అనీ, రెండోదాని మీద 'ఓజ్ తుర్నా' అనీ రాసి ఉంటుంది. తుర్నా అంటే కొంగ, ఓజ్ అంటే అసలైనది. వసంతంలో అన్నదమ్ములు విడిపోయినప్పుడు చీట్లు వేసి బస్సులు పంచుకున్నారు. ఏ బస్సు ఎవరికి పోతే దాని డ్రైవరూ వాళ్లకే పోయాడు. తమ్ముడు తన బస్సుల మీద 'అసలైన' అని రాయించగానే, అన్న రుష్తూ రాత్రికి రాత్రి తన బోర్డు కింద 'మాకు వేరే బ్రాంచి లేదు' అని రాయించాడు. మర్నాటికల్లా తమ్ముడి బోర్డు కింద కూడా అదే వాక్యం వెలిసింది. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. కొండపల్లెల నుంచి వచ్చే ముసలమ్మలకి ఈ గొడవేమీ పట్టలేదు. వాళ్లకి కావలసింది ఎర్ర పట్టీ బస్సు. టిక్కెట్టు ఒకచోట కొని, మూటలు రెండోదాని మీదకి ఎక్కించి, మూడోదాంట్లో నిద్రపోయేవారు.

రంగు వాళ్ల నాన్న హాజీ సెఫెర్‌ది. మొదటి బస్సు కొన్ననాడు భార్య తలగుడ్డ జేబులో పెట్టుకెళ్లి, పెయింటరు ముందు పరిచి, "ఇదీ రంగు. అంచు కూడా ఇలాగే రావాలి" అన్నాడని చెప్పుకుంటారు. మీగడ రంగు గుడ్డ, చెర్రీ పండు ఎరుపు పట్టీ, దాని కింద సన్నటి ఆకుపచ్చ గీత. కొంగ మాత్రం పెయింటరు తెలివి.

దుర్ముష్‌కి వ్యాను తోలడం నామోషీ కాదు. కానీ వ్యాను ఎండిన వాగు మలుపు దాకా పోదు. అతనూ జుల్కుఫూ ఎదురుబొదురు డ్యూటీ మనుషులు. ఒకడు అక్‌పినార్‌లో ఉంటే రెండోవాడు అంకారాలో ఉంటాడు. ఒకడి పెళ్లికి రెండోవాడు వెళ్లలేకపోయాడు, ఒకడి కొడుకు సున్తీకి రెండోవాడు రాలేకపోయాడు. పన్లో చేరాక ఇరవై ఏళ్ల స్నేహమంతా ఆ మలుపు దగ్గరే జరిగింది. రెండుసార్లు లైటు, ఒకసారి చెయ్యి. జుల్కుఫ్ చెయ్యి ఎత్తిన తీరు చూసి వాడికి పంటి నొప్పిగా ఉందో, కూతురికి సంబంధం కుదిరిందో దుర్ముష్ చెప్పేసేవాడు. ఇంటికెళ్లి భార్యతో "ఇవాళ జుల్కుఫ్ హుషారుగా ఉన్నాడు" అంటే ఆవిడ, "అబ్బో, బోలెడు మాట్లాడుకున్నారన్నమాట" అనేది.

మర్నాడు అంకారా వెళ్లేటప్పుడు మలుపు రాగానే దుర్ముష్ స్టీరింగుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. బెకిర్ మెడ సాచి అద్దంలోంచి చూస్తున్నాడు. ఎర్ర పట్టీ బస్సు దగ్గరికొచ్చింది. జుల్కుఫ్ వైపర్లు ఊగాయి. ఒక ఊపు, రెండో ఊపు. జవాబు రాకపోయేసరికి, పాపం, మూడోది కూడా ఊపాడు. దుర్ముష్ కళ్లు తిప్పకుండా రోడ్డుకేసే చూశాడు. ఎదురు బస్సు దాటిపోయింది.

"భేష్ అన్నా!" అన్నాడు బెకిర్.

"నోరు మూసుకుని టీ పొయ్యి."

ఆ రోజంతా దుర్ముష్‌కి అన్నం సయించలేదు. ఇంట్లో పిల్లవాడు పలకరిస్తే మొహం తిప్పుకున్నట్టుంది. సిగ్గుగా ఉంది, కోపంగా ఉంది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక అంకారా డిపోలో టైరుని ఒక్క తన్ను తన్నాడు. టైరుకేం కాలేదు, అతని కాలి బొటనవేలు వాచింది.

ఆ మర్నాడు తిరుగు ప్రయాణం. భోజనాల వేళకి బస్సు కాయాబాషి హోటలు దగ్గర ఆగింది. పక్కనే తుర్నా బస్సు ముందే వచ్చి ఆగి ఉంది. దానికి ఇటు పక్కగా దుర్ముష్ తన బస్సు పెట్టాడు. రెండూ మూతులు గోడకి ఆనించి, కవల పిల్లల్లా నిలబడ్డాయి. ముందు రాసిన పేర్లు గోడకే కనపడతాయి తప్ప మనుషులకి కాదు.

తుర్నా బస్సు తలుపు దగ్గర నల్లకోటు, చేతిలో తోలు సంచి, గుమ్మడికాయంత మొహం గంటు పెట్టుకుని పెద్దయ్యగారు రుష్తూ దిగుతున్నాడు. దుర్ముష్ గబుక్కున తల దించుకుని డ్రైవర్ల గదిలోకి దూరాడు.

"లాయరు దగ్గర్నుంచి వస్తున్నాడుట," అన్నాడు టీ తెచ్చినవాడు, చెవిలో చెప్పినట్టు చెబుతూనే గదంతా వినపడేలా. "తమ్ముడి చేత రంగు మార్పించాలని వెళ్లాడు. ఒక్క తండ్రి రంగుని ఇద్దరు కొడుకుల మధ్య కోయడానికి తన దగ్గర కత్తెర లేదన్నాడుట లాయరు. పులుసు కూడా ముట్టుకోలేదు. కోపంతో రెండు ప్లేట్ల కబాబు మాత్రం తెప్పించుకుని తింటున్నాడు."

దుర్ముష్ నవ్వి, టీ తాగి, మొహం కడుక్కుని వచ్చేసరికి పక్క బస్సు వెళ్లిపోయింది. బెకిర్ తన బస్సులో వెనక నుంచి ముందుకి తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

"సరిపోయింది కెప్టెనన్నా, పోనీ."

బస్సు రోడ్డెక్కింది. గేరు మార్చి, దుర్ముష్ లోపలి అద్దంలోకి చూశాడు. తన వెనక సీటులో, యజమాని వస్తే కూర్చుంటాడని ఎప్పుడూ ఖాళీగా ఉంచే సీటులో, నల్లకోటు ఉంది. కోటు మీద టోపీతో కప్పిన మొహం ఉంది. టోపీ కింద నుంచి సన్నగా గురక వస్తోంది.

"బెకిర్."

"ఊఁ?"

"నా వెనక ఎవర్రా?"

బెకిర్ వెనక్కి తిరిగాడు. చేతిలో కొలోన్ సీసా జారబోయి, బొజ్జ మీద ఆగింది.

"లెక్క సరిపోయిందన్నావు!"

"సరిపోయిందన్నా! అల్లా సాక్షి! అంటే... మనవాడెవడో అందులో ఎక్కుంటాడు. ఆ తేనె డబ్బాల ఆయన కనపడ్డంలేదు. ఒకటి పోయి ఒకటొచ్చింది. వాళ్ల లెక్కా సరిపోయుంటుంది."

"లేపు."

"నేనా?" బెకిర్ కళ్లు గుండ్రమైపోయాయి. "నువ్వే లేపు. నీకు పాత యజమాని."

"నేను బస్సు తోలుతున్నాను."

"నేను క్లీనర్ని. నిద్రపోతున్న ప్యాసింజర్ని లేపకూడదని రూలు."

అవతలి వరసలో కిటికీ పక్కన కూర్చున్న దోందూ అవ్వ ఒళ్లో ఆప్రికాట్ల బుట్ట పెట్టుకుని అంతా వింటోంది. "పాపం, పడుకోనివ్వండర్రా," అంది. "నిద్రలో మనిషి ఎంత మంచిగా ఉన్నాడో! మెలకువొస్తే మళ్లీ అదే మనిషి కదా."

వెనక సీట్లకి కబురు పాకిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో "ష్" అన్నారు. క్యాసెట్టు పాట ఆపెయ్యమని ఎవరో సైగ చేశారు. బస్సంతా పసిపిల్లాణ్ణి నిద్రపుచ్చుతున్న ఇల్లులా అయిపోయింది. దుర్ముష్ గోతులన్నీ తప్పిస్తూ, బ్రేకు మీద కాలు మెత్తగా వేస్తూ బస్సు నడిపాడు. ఇలాగే అక్‌పినార్ దాకా పడుకుంటే బాగుండు, అక్కడ చప్పుడు చెయ్యకుండా దింపేసి పారిపోవచ్చు అనుకున్నాడు.

ఎండిన వాగు దగ్గరపడింది. మలుపు అవతల దుమ్ములోంచి మీగడ రంగు తేలింది, ఎర్ర పట్టీ తేలింది. జుల్కుఫే. ఈ వేళకి ఇంకెవరు వస్తారు? దుర్ముష్ స్టీరింగుని పట్టుకున్నాడు. బెకిర్ అలవాటు కొద్దీ మెడ సాచాడు.

సరిగ్గా అప్పుడు వెనక గురక ఆగింది. టోపీ జారింది. పెద్దయ్యగారు ఎర్రటి కళ్లు నులుముకుని ముందుకి వంగాడు. అతని ఎదుట ఇరవై ఏళ్లుగా చూసిన మెడ ఉంది. ఆ మెడ మీద ఎండకి కందిన మడతలు ఉన్నాయి. అద్దంలోంచి ఇరవై ఏళ్లుగా చూసిన రోడ్డు కనపడుతోంది. రోడ్డు మీద నాన్న రంగు బస్సు ఎదురొస్తోంది. నిద్రమత్తులో ఉన్నవాడికి వసంతంలో పంపకాలు జరిగిన సంగతి ఎక్కడ గుర్తుంటుంది?

"ఒరేయ్ దుర్ముష్! మన బస్సొస్తుంటే గుడ్లప్పగించి చూస్తావేం? లైటు కొట్టు!"

దుర్ముష్ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా అయింది. ఇటు పక్క బెకిర్ ఉన్నాడు. వెనక పెద్దయ్యగారు ఉన్నాడు. ఎదురుగా జుల్కుఫ్ వస్తున్నాడు. తాళంచెవి, వెదాత్ బల్ల, ఊళ్లో తిరిగే డొక్కు వ్యాను, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు మెదిలాయి.

"కొట్టవేంరా! చేతులు పడిపోయాయా?"

ఇంక ఆగలేకపోయాడు. కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. ఆ తరవాత చెయ్యి కూడా ఎత్తాడు, బస్సు కప్పుకి తగిలేంత ఎత్తుకి. నెలల తరబడి లోపల ఇరుక్కున్నదేదో ఆ చేతితో పాటు లేచింది. పోతే పోయింది వెధవ తాళంచెవి అనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

జుల్కుఫ్ జవాబివ్వలేదు. లైటు లేదు, చెయ్యి లేదు, వైపరన్నా లేదు. దుర్ముష్ భుజం మీద నుంచి తొంగిచూస్తున్న తన యజమాని మొహం చూశాడు వాడు. చూసి, కర్ర మింగినవాడిలా బిగుసుకుపోయి, రెప్ప వెయ్యకుండా దాటిపోయాడు.

"చూశావా వాడి పొగరు!" పెద్దయ్యగారు సీటు చేతి మీద గుద్దాడు. "సొంత కంపెనీ బస్సు సలాం కొడితే పలకడే! ఇరవై ఏళ్లు మా ఉప్పు తిని... పెద్దాచిన్నా ఉండక్కర్లేదా? ఎవడు నేర్పాడు వాడికి ఈ బుద్ధులు?"

"మీరేనండీ," అన్నాడు దుర్ముష్.

"ఏంటీ?"

"మీరే పెద్దయ్యగారూ. పలకొద్దన్నారు కదండీ. వాడి తప్పేం లేదు."

"నేనెప్పుడన్నాను? నేను పలకొద్దన్నది ఆ వెదాత్ గాడి బస్సులకి..."

ఆయన నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. ముందు దుర్ముష్ మెడ చూశాడు. తరవాత బెకిర్ బొజ్జ చూశాడు. తన తల ఆన్చిన తెల్లగుడ్డ లాగి చూశాడు. దాని మీద ఎర్రదారంతో 'ఓజ్ తుర్నా' అని కుట్టి ఉంది. నోట్లో వెలక్కాయ పడ్డట్టు మింగలేక కక్కలేక కూర్చున్నాడు.

దోందూ అవ్వ బుట్టలోంచి ఒక ఆప్రికాట్ తీసి అతనికి అందించింది. "తిను నాయనా. నేనూ మొన్న ఇలాగే ఎక్కాను. మా కోడలి పురిటికి పోవాల్సిన దాన్ని మా మరిది ఊరి సంతకి పోయాను."

వెనక ఎవరో పక్కున నవ్వారు. ఆ నవ్వు ఇంక ఆగలేదు. సీటు నుంచి సీటుకి అంటుకుంటూ బస్సంతా ఊగిపోయింది. బెకిర్ నవ్వకూడదని పెదవి కొరుక్కుంటుంటే బొజ్జ దానంతటదే ఎగురుతోంది.

"ఆపు బస్సు," అన్నాడు పెద్దయ్యగారు.

దుర్ముష్ పక్కకి తీసి ఆపాడు. పెద్దయ్యగారు చేతిలో ఆప్రికాట్‌తోనే దిగాడు. చుట్టూ ముళ్లకంపా, ఎండగడ్డీ తప్ప ఏమీ లేదు. కోపంతో పది అడుగులు నడిచాడు గానీ, ఎక్కడికి పోతాడు? ఆగి వెనక్కి తిరిగాడు. బస్సు వైపు చూశాడు. దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఎర్ర పట్టీ వెంబడి చెయ్యి రాస్తూ వెనక్కి వెళ్లి, కొంగ దగ్గర నిలబడ్డాడు. దుర్ముష్ దిగి కాస్త దూరంలో చేతులు కట్టుకున్నాడు.

"భోంచేసి బయటికొచ్చాను," అన్నాడు పెద్దయ్యగారు, కొంగతో చెబుతున్నట్టు. "నా బస్సు ఏదా అని వెతకనన్నా లేదురా. నాదే అనిపించినదాంట్లో ఎక్కి కూర్చున్నాను."

"అందరూ అంతేనండీ."

"అమ్మ తలగుడ్డ ఇది. ఆవిడ ఎప్పుడన్నా ఇది రుష్తూది, ఇది వెదాత్‌ది అందా? ఇద్దరి ముక్కులూ దాంతోనే తుడిచేది." ఆప్రికాట్ కొరికి, గింజ ఉమ్మేసి, ముక్కు చీదాడు.

ఆయన ఇంకా ఏదో అనబోతుంటే రోడ్డు మీద బూట్ల టపటప వినిపించింది. మలుపు అవతల బస్సు ఆపి, జుల్కుఫ్ పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. చొక్కా ప్యాంటులోంచి బయటికొచ్చింది, టై భుజం మీదకి ఎగిరింది, మొహం కందగడ్డలా ఉంది.

"పెద్దయ్యగారూ! అల్లా మీద ఒట్టు, నేను పలకలేదు! మీరు చూశారు కదా! వాడు కొట్టాడు, నేను కొట్టలేదు! పరీక్ష పెట్టారని నాకు తెలుసు! కన్నన్నా ఆర్పలేదండీ!"

"ఎందుకు పలకలేదురా గాడిదా!" అని అరిచాడు పెద్దయ్యగారు.

జుల్కుఫ్ నిలబడిపోయాడు. రొప్పుతూ దుర్ముష్‌కేసి చూశాడు, యజమానికేసి చూశాడు, మళ్లీ దుర్ముష్‌కేసి చూశాడు.

"పలకొద్దన్నారు కదండీ!"

"అంటే మాత్రం? నీకు బుద్ధి లేదూ? ఇరవై ఏళ్ల స్నేహితుడు చెయ్యెత్తితే రాయిలా కూర్చుంటావా? నేనన్నది నేనన్నాను. నువ్వు మనిషివి కాదూ?"

"ఇదేం న్యాయమండీ," అన్నాడు జుల్కుఫ్ ఏడుపు గొంతుతో. "పలికితే తిడతారు, పలక్కపోతే తిడతారు."

"ఇప్పుడు పలుకు. నా ఎదుట."

జుల్కుఫ్ బెరుగ్గా చెయ్యి సగం ఎత్తాడు. దుర్ముష్ ఆ చేతిని అక్కడే పట్టుకుని వాణ్ణి దగ్గరికి లాక్కుని కావలించుకున్నాడు. ఇద్దరూ లావు మనుషులే. కడుపులు ముందు కొట్టుకున్నాయి. మొహం పక్కన మొహం పెట్టాక గానీ దుర్ముష్‌కి తెలియలేదు, జుల్కుఫ్ జుట్టు చెవుల దగ్గర పూర్తిగా తెల్లబడిందని. అద్దాల వెనక నుంచి ఇరవై ఏళ్లు చూసినా అది కనపడలేదు.

"ముసలాడివైపోయావురా," అన్నాడు.

"నువ్వు పడుచువాడిలా ఉన్నావు మరి! ఒరేయ్, నిన్న మూడుసార్లు వైపరు వేశాను. మా క్లీనరు నాకు పిచ్చెక్కిందనుకున్నాడు."

"చూశానురా. చూశాను. చచ్చిపోయానంటే నమ్ము."

ఈలోగా బస్సులోంచి జనం దిగారు. మలుపు అవతల బస్సు జనం కూడా, ఏం జరిగిందోనని నడుచుకుంటూ వచ్చారు. దోందూ అవ్వ ఆప్రికాట్లు పంచింది. ఎవరో చల్లని మజ్జిగ సీసా తీశారు. అవతలి బస్సులో తన చుట్టమే కనపడితే అవ్వ అక్కడే మెడ పట్టుకుని ఏడ్చింది, వెంటనే నవ్వింది. పెద్దయ్యగారు మధ్యలో మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి, ప్రతివాడికీ కథ మొదటి నుంచి తనే చెబుతున్నాడు. ఒక్కొక్కసారి చెప్పినప్పుడల్లా ఆయన గురక ఇంకాస్త పెద్దదవుతోంది.

తీరా బయల్దేరబోయే వేళకి అంకారా పోవలసిన ఇద్దరు దుర్ముష్ బస్సులో కూర్చుని ఉన్నారు. బెకిర్ ఈసారి తలలు లెక్కపెట్టలేదు. ఒక్కొక్కరినీ భుజం పట్టి, "నువ్వెక్కడికి? సరిగ్గా చెప్పు! ఏ ఊరు?" అని అడుగుతూ వచ్చాడు. పెద్దయ్యగారి దగ్గరికి వచ్చి కూడా అలవాటులో అడిగేశాడు.

"అక్‌పినార్‌కే," అన్నాడు ఆయన. "ఈ బస్సులోనే. ఏం, అభ్యంతరమా?"

"అబ్బే."

మిగతా దారంతా పెద్దయ్యగారు నిద్రపోలేదు. దుర్ముష్ భుజం మీద నుంచి తొంగిచూస్తూనే ఉన్నాడు. "బాగా తోలుతున్నావురా. మా వాళ్లు గోతి కనపడితే వెతుక్కుని మరీ దింపుతారు," అన్నాడు ఒకసారి. ఊరు దగ్గరపడుతున్నకొద్దీ ఆయన మాటలు తగ్గాయి, దుర్ముష్ బస్సు వేగం తగ్గించాడు. నవ్వులన్నీ బాగానే ఉన్నాయి. కానీ తాళంచెవి ఇంకా వెదాత్‌దే. పక్కన బెకిర్ ఉండనే ఉన్నాడు.

బస్టాండులో వెదాత్ ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నాడు. తేనె డబ్బాల ఆయన తుర్నా బస్సులో ముందే వచ్చి దిగి, నా డబ్బాలేవి అంటూ అతని చొక్కా పట్టుకున్నంత పని చేస్తున్నాడు. బస్సు ఆగింది. అద్దంలోంచి అన్న మొహం కనపడగానే వెదాత్ మెడ మీద నరం లేచింది.

బెకిర్ అందరికన్నా ముందు దిగాడు.

"లైటు కొట్టాడా?" అన్నాడు వెదాత్ పళ్ల మధ్య నుంచి.

బెకిర్ దుర్ముష్‌కేసి ఒకసారి చూశాడు. "కొట్టాడండీ. అయ్యగారు కొట్టమంటే కొట్టాడు."

"ఏ అయ్యగారు?"

"నేను," అన్నాడు రుష్తూ మెట్లు దిగుతూ.

వసంతం తరవాత అన్నదమ్ములు ఎదురెదురుగా నిలబడడం అదే మొదలు. ప్లాట్‌ఫారం మీద కూలీలు మూటలు దించడం ఆపేశారు. దుర్ముష్ ఇంజను ఆపి, తాళంచెవి తీసి, దిగి వెదాత్ ముందు చెయ్యి చాచాడు. "కొట్టాను చిన్నయ్యగారూ. రెండుసార్లు. చెయ్యి కూడా ఎత్తాను. అబద్ధమెందుకు, చాలా బాగుందండీ."

వెదాత్ తాళంచెవి కేసి చూశాడు గానీ అందుకోలేదు.

"తీసుకో," అన్నాడు రుష్తూ. "నువ్వు తీసుకుంటే నేను వీడికి నా తాళంచెవి ఒకటి ఇస్తాను. కొత్త బస్సుకి అలవాటు పడాల్సిన పని కూడా ఉండదు. రంగు తేడా ఉంటేగా!"

"వీడు నా మనిషి."

"అయితే ఉంచుకో."

"నా బస్సులో నువ్వెందుకెక్కావు?"

రుష్తూ కోటు మీద దుమ్ము దులుపుకున్నాడు. "పొరపాటున ఎక్కాను," అన్నాడు చివరికి. "మధ్యలో ఒకసారి దిగాను. మళ్లీ ఎక్కినప్పుడు మాత్రం తెలిసే ఎక్కాను."

వెదాత్ మెడ మీద నరం నెమ్మదిగా దిగింది. ఎటు చూడాలో తోచక దుర్ముష్ చేతిలోని తాళంచెవిని దుర్ముష్ జేబులోకే తోసేశాడు. "పో, బస్సు కడిగించుకో. దుమ్ము కొట్టుకుపోయింది," అని గదమాయించి, తేనె ఆయన డబ్బాలు తీయించే నెపంతో వెనక్కి వెళ్లిపోయాడు.

రుష్తూ తోలు సంచి చంకలో పెట్టుకుని ఆఫీసుల వైపు నడిచాడు. ఎప్పట్లా తల పైకెత్తి, బోర్డులకేసి చూడకుండా నడిచాడు. రెండు తలుపులూ పక్కపక్కనే ఉన్నాయి. ఆయన రెండో తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. వెదాత్ బల్ల ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుని, టీ తెమ్మని కేకేశాడు. "రెండు!" అన్నాడు.

"అయ్యో, పెద్దయ్యగారు మళ్లీ తప్పు..." అంటూ బెకిర్ అటు పరిగెత్తబోయాడు.

దుర్ముష్ చప్పున వాడి నోరు మూశాడు.